బర్మింగ్‌హామ్ నుంచి షెఫీల్డ్: వెనక్కి జారిన కారు కోసం ఒక ప్రయాణం

షెఫీల్డ్‌కు ఎవరైనా వెళ్తే పక్కనున్న పీక్ డిస్ట్రిక్ట్ కొండలు చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్ళింది ఒక కారు నిజంగా వెనక్కి జారిందా లేదా తేల్చుకోవడానికి. నేను పనిచేసే కంపెనీ బర్మింగ్‌హామ్‌లో ఉంది. ఒక చిన్న ఎలక్ట్రిక్ కారుకు బ్రేకుల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. అమ్మకానికి ముందు ట్రయల్‌కని కొన్ని కార్లను షెఫీల్డ్‌లో ఒక కేర్ ఏజెన్సీకి ఇచ్చారు. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళ స్నానాలు, మందులు, భోజనాలు చూసే కేరర్లు వాటిని నడుపుతున్నారు. వాళ్ళలో ఒకరు, ఎస్తేరు అనే చీరాల ఆవిడ, రెండు వారాల కిందట కొండ వీధిలో కారు తనంతట తానే వెనక్కి జారి ఒక ఇంటి ప్రహరీకి కొట్టుకుందని చెప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఎత్తు మీద ఆగిన కారు వెనక్కి పోకుండా పట్టుకునే భాగం ఉంటుంది, హిల్ హోల్డ్ అంటారు, దాన్ని రాసింది నేను.

మా మేనేజర్ మార్టిన్ మంచివాడే, కానీ మర్నాడు సాయంత్రం సాఫ్ట్‌వేర్ రిలీజ్ పెట్టుకుని ఉన్నాడు. "డేటా చూశాను. బ్రేకు మీంచి ఆవిడ కాలు తీసింది. డ్రైవర్ పొరపాటే. నువ్వు ఆవిడ భాష మాట్లాడతావు కదా, ఒకసారి వెళ్ళి మాట్లాడి ఒక్క పేరా రాసుకుని రా" అన్నాడు. ఆ ఒక్క పేరా మీద ఏముందో నాకు తెలుసు. ముందురోజు ఫోన్‌లో ఎస్తేరు గారే చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి ఏజెన్సీ వాళ్ళు ఆవిడతో మీటింగ్ పెట్టారు. డ్రైవర్ తప్పని తేలితే ఆవిణ్ణి బండి నడపనివ్వరు. ఆ కొండల్లో బండి లేకపోతే విజిట్లు చేయలేదు, విజిట్లు లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఆవిడ వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. ఆవిడది కాకపోతే తప్పు నాది. రెండింట్లో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

మా పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మేం ముందు కోడ్ రాయం, మోడల్ గీస్తాం. కంప్యూటర్ తెర మీద డబ్బాలు, వాటి మధ్య గీతలు. ఒక డబ్బా బ్రేకుల లెక్క, ఒక డబ్బా కారు, ఒకటి రోడ్డు వాలు, ఇంకొకటి డ్రైవరు. అవును, డ్రైవర్ని కూడా మేమే గీసుకుంటాం. ఎప్పుడు బ్రేకు తొక్కుతాడు, ఎప్పుడు గేరు మారుస్తాడు, ఎంతసేపు ఆగుతాడు, అన్నీ. ఆ ఉత్తుత్తి డ్రైవరు ఉత్తుత్తి కారును వేలసార్లు కొండెక్కించి దింపుతాడు. ఎక్కడా జారకపోతే ఆ డబ్బాల నుంచే కోడ్ పుడుతుంది, అది అసలు కారులోకి వెళ్తుంది. బయల్దేరే ముందు మొత్తం టెస్టులు మళ్ళీ నడిపించాను. నిట్టనిలువు వాలు పెట్టాను, వాన పెట్టాను, మంచు పెట్టాను. అన్నిటికీ ఆకుపచ్చ టిక్కులే వచ్చాయి. ధైర్యం రావాల్సింది పోయి భయం ఇంకా పెరిగింది.

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో ఉదయం ఎనిమిది దాటాక ట్రైన్ ఎక్కాను. షెఫీల్డ్‌కు గంటా పావు పైన పడుతుంది, మారాల్సిన పని లేదు. టికెట్ అప్పటికప్పుడు కొంటే చేతులు కాల్తాయి, ఒకటి రెండు వారాల ముందు కొంటే దాదాపు సగానికి వస్తుంది. ఆ పూట జనం బాగా ఉంటారు కాబట్టి సీటు రిజర్వ్ చేసుకోండి. నేను చేసుకోలేదు, డెర్బీ దాకా తలుపు దగ్గర నిలబడి లాప్‌టాప్ బ్యాగును పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. డెర్బీ తర్వాత కూర్చోవడానికి చోటు దొరికింది. చెస్టర్‌ఫీల్డ్ వస్తుంటే కిటికీలోంచి ఒక చర్చి గోపురం కనిపిస్తుంది, తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉంటుంది. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు కొట్టుకున్నారు. నాకు మాత్రం దాన్ని కట్టిన మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆయన కూడా ఆ రోజు లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుని ఇంటికి వెళ్ళి ఉంటాడు. ఫొటో తీసుకోబుద్ధి కాలేదు.

షెఫీల్డ్ స్టేషన్ బయట నీళ్ళు జారే పెద్ద స్టీలు గోడ ఉంది, బాగుంటుంది. నేను వెళ్ళాల్సింది వాక్లీ అనే పేట. ఊరి మధ్య నుంచి బస్సు ఉంది, ఒకవైపు టికెట్ మూడు పౌండ్లు, కార్డు తాకిస్తే చాలు. "ఏం లవ్, వాక్లీకా? ఎక్కు, గట్టిగా పట్టుకో" అన్నాడు డ్రైవరు. ఇక్కడ బస్సు డ్రైవర్లు ఆడా మగా అందర్నీ లవ్ అనే పిలుస్తారు, కొత్తవాళ్ళు కంగారు పడక్కర్లేదు. బస్సు రెండు మలుపులు తిరిగేసరికి ఆయన ఎందుకు పట్టుకోమన్నాడో తెలిసింది. వీధులు అలా ఇలా కాదు, గోడకు వేసిన నిచ్చెనలా ఉన్నాయి. కొన్నిచోట్ల నడిచేవాళ్ళ కోసం పేవ్‌మెంట్ పక్కన ఇనప రెయిలింగ్ కూడా పెట్టారు. ఈ వాలు నా మోడల్‌లో ఉందా అని మనసులో లెక్క వేసుకున్నాను. ఉంది. ఇంకా నిట్టనిలువుది కూడా ఉంది. మరి ఎందుకు జారింది?

ఎస్తేరు గారు ఒక చిన్న కఫే ముందు యూనిఫామ్‌లో నిలబడి ఉంది. నలభై అయిదు దాటి ఉంటాయి, మెడలో చిన్న శిలువ, కళ్ళ కింద నలుపు. నన్ను చూడగానే "నువ్వేనా అమ్మాయ్, ఇంత చిన్నపిల్లని పంపారా? అన్నం తిన్నావా?" అంది. పొద్దున పదింటికి అన్నమేమిటని నవ్వొచ్చింది. లోపల ఎగ్ బ్రెడ్‌కేక్ తీసుకున్నాం. బ్రెడ్‌కేక్ అంటే ఈ ఊళ్ళో గుండ్రటి బన్ను, టీతో కలిపి ఆరు పౌండ్లలోపే అయింది. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ ఎస్తేరు గారి ప్లేటులో అడక్కుండానే రెండో గుడ్డు వేసింది. "రెండు వారాలుగా ఈమె సరిగ్గా తినడం లేదు, నువ్వైనా చెప్పు" అంది నాతో. ఎస్తేరు గారు రెండో గుడ్డు ముట్టుకోలేదు.

"ఎట్ల జరిగిందో అట్లే చెప్పు అక్కా. ఏం దాచొద్దు" అన్నాను. మాది అనంతపురం, గాభరా పడితే మా ఊరి మాటే వస్తుంది.

"ఏవుందమ్మా చెప్పడానికి. ఎత్తు మీద ఉన్నాను. కారు ఎనక్కెళ్ళిపోయింది. ఢామ్మని సౌండ్. అంతే. ఏ గేరులో ఉన్నాను, కాలెక్కడుంది అని సూపర్‌వైజర్ అడుగుతుంటే నాకు గుర్తే లేదు. పదకొండేళ్ళుగా నడుపుతున్నానమ్మా నేను. మా ఇంట్లో వాళ్ళేమో వయసైపోతోంది నీకు, కంగారు పడుంటావు అంటున్నారు. నిజమేనేమో."

కారు తెల్లది, వెనక బంపర్ మీద చిన్న సొట్ట. ముందు నేనే నడిపాను. జరిగిన వీధికే వెళ్ళి, ఎత్తు మధ్యలో ఆపి బ్రేకు వదిలాను. కదల్లేదు. ఇంకా పైకి వెళ్ళి ఆపాను, కదల్లేదు. రివర్స్‌లో దిగి ఆపి, గేరు డ్రైవ్‌లోకి, అంటే ముందుకెళ్ళే గేరులోకి మార్చి, బ్రేకు వదిలాను. బండ కట్టినట్టు నిలబడింది. నేను రాసింది పనిచేస్తుంటే ఇంజనీరుగా సంతోషించాలి. పక్క సీట్లో ఉన్న మనిషి ముఖం అంతకంతకూ పాలిపోతుంటే ఎక్కడి సంతోషం? తర్వాత ఆవిడ నడిపింది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదుపుతూ, పరీక్షాధికారి పక్కన కూర్చున్నట్టు ఒక్కొక్కటీ నెమ్మదిగా చేసింది. అయినా జారలేదు.

కారు ఆపేసి ఎస్తేరు గారు స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది. "ఇంక చాల్లేమ్మా. నాదే తప్పు. అట్లానే రాసెయ్. నీ టైం ఎందుకు వేస్టు" అంది. రాయడానికి ఆ మాట చాలు. మార్టిన్‌కి అదే కావాలి, నాక్కూడా అదే సుఖం. కాసేపు నిజంగానే రాసేద్దామనిపించింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఒంటిగంట కావస్తోంది. ఆవిడ డ్యూటీ పట్టికలో ఒక విజిట్ ఉంది, పెద్దాయనకు మధ్యాహ్నం మందులివ్వాలి. "ఆయన ఎదురుచూస్తుంటాడు, లేటైతే గొడవ చేస్తాడు. నన్ను దింపి నువ్వెళ్ళిపో, లేకపోతే నాతో వచ్చి కూర్చో" అంది. సరేనని కూర్చున్నాను. ఎందుకు సరేనన్నానో తెలియదు. స్టేషన్‌కు వెళ్ళి ఆ పేరా రాయడానికి కాళ్ళు రాలేదేమో.

నా ఉనికి మర్చిపోయి ఆవిడ నడపడం అప్పుడు మొదలైంది. పెద్దాయన గురించి, ఆయన పిల్లి గురించి చెప్తూ చకచకా మలుపులు తిప్పుతోంది. ఒక ఇరుకు వీధిలోకి తిరిగాం. రెండు వైపులా పార్క్ చేసిన కార్లు, మధ్యలో ఒక్క బండికే చోటు, పైకి ఎక్కుతున్నాం. పైనుంచి డెలివరీ వ్యాన్ వచ్చింది. ఈ దేశంలో ఇలాంటప్పుడు ఎవరూ హారన్ కొట్టరు. ఎవరి దగ్గర సందు ఉంటే వాళ్ళు వెనక్కి తగ్గుతారు, రెండోవాళ్ళు చెయ్యెత్తి థాంక్స్ చెప్తారు, మొదటివాళ్ళు కూడా చెయ్యెత్తుతారు. ఎస్తేరు గారు రివర్స్‌లో కిందికి దిగుతూ పక్కన కార్లు లేని ఖాళీలోకి తగ్గింది. వ్యాన్ పక్కనుంచి దాటింది, డ్రైవరు చెయ్యెత్తాడు. ఆవిడ కుడిచెయ్యి ఎత్తింది. ఎడమచేత్తో గేరు నాబ్ రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి తిప్పేసింది. కాలు బ్రేకు మీంచి లేచింది. మూడూ ఒకేసారి, ఒక్క కదలికలా.

కారు ఆగలేదు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా, వెనక్కే వెళ్తోంది. వెనక అద్దంలో పిల్లల తోపుడుబండిలో పాపతో రోడ్డు దాటబోతున్న ఒకాయన కనిపించాడు. ఎస్తేరు గారే బ్రేకు మీద ఎగిరి తొక్కింది. కారు కుదుపుతో ఆగింది. ఆ పాప తండ్రి ఏమీ తెలియక మాకు కూడా చెయ్యెత్తి దాటుకుంటూ పోయాడు.

"చూశావా? చూశావామ్మా? మళ్ళీ చేశాను" అని ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది.

నేను చూసింది వేరు. గేరు మార్చేటప్పటికి కారు ఇంకా పూర్తిగా ఆగలేదు, సెకనుకు ఒక అంగుళం వేగంతో వెనక్కి కదులుతూనే ఉంది. నా హిల్ హోల్డ్ కారు పూర్తిగా ఆగడం కోసం చూస్తుంది. ఆగిన క్షణంలో పట్టుకుంటుంది. ఇక్కడ ఆ క్షణమే రాలేదు, కనక అది పట్టుకోనే లేదు. ప్రహరీకి కొట్టుకున్న రోజు కూడా ఇదే జరిగి ఉంటుంది. పెద్దాయనకు మందులిచ్చి వచ్చాక, కింద ఎవరూ లేని ఖాళీ వీధి చూసుకుని నేను అదే చేద్దామని ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. మూడుసార్లూ నా కాలు బ్రేకును పూర్తిగా తొక్కి, కారు ఆగాక, ఒక శ్వాస తీసుకుని, అప్పుడే గేరు మార్చింది. బర్మింగ్‌హామ్‌లో రెండుసార్లు ఫెయిలై మూడోసారి పాసైన డ్రైవింగ్ టెస్టు నా ఒంట్లో అలా దిగిపోయింది. "పూర్తిగా ఆగు, చూడు, అప్పుడు మార్చు" అని మా ఇన్‌స్ట్రక్టర్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినదే. నా మోడల్‌లోని డ్రైవరు కూడా సరిగ్గా అలాగే నడుపుతుంది. బ్రేకు తొక్కు, వేగం సున్నా అయ్యేదాకా ఆగు, ఇంకాస్త ఆగు, గేరు మార్చు. ఆ డబ్బాలో కూర్చుంది నేనే. నాలాంటి పిరికి డ్రైవర్ని వేలసార్లు కొండెక్కించి, ఎవరూ జారలేదని మురిసిపోయాను.

"అక్కా, నువ్వు చెయ్యి. ఇందాక ఎట్ల చేసినావో అట్లే. భయపడొద్దు, కింద ఎవరూ లేరు" అన్నాను. ఆవిడ రెండుసార్లు చేసింది. రెండుసార్లూ కారు జారింది.

మళ్ళీ ఆ ఇరుకు వీధికే వచ్చి, కార్లు ఒకదానికొకటి దారివ్వడం కాసేపు చూసి, పేవ్‌మెంట్ మీంచే మార్టిన్‌కి ఫోన్ చేశాను. రెండున్నర అవుతోంది. చెప్పిందంతా విని, "కారు పూర్తిగా ఆగాకే గేరు మార్చాలని మాన్యువల్‌లో ఉంటుంది కదా. అది డ్రైవర్ తప్పే అవుతుంది" అన్నాడు.

"మార్టిన్, ఈ వీధిలో నిలబడి చూస్తున్నాను. దారిచ్చిన ప్రతి మనిషీ ఇలాగే చేస్తున్నాడు. మాన్యువల్‌లో ఉన్నట్టు నడిపేది నేనొక్కదాన్నే. ఆ డ్రైవర్ని రాసింది కూడా నేనే. తప్పు మోడల్‌ది."

"రేపటి రిలీజ్?"

"వద్దు. నేను ఓకే చెప్పను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఉద్యోగం పోతుందేమో, కనీసం ప్రాజెక్టు నుంచైనా తీసేస్తారేమో అని అనుకుంటూ ఎదురుగా ఉన్న చెత్తబుట్టల రంగులు లెక్కపెట్టుకుంటున్నాను. చివరికి మార్టిన్ నిట్టూర్చాడు. "ఇప్పుడే మెయిల్ పెట్టు. ఏజెన్సీకి నేనే ఫోన్ చేస్తాను, మూడు కాకముందే. కార్లన్నీ పక్కన పెట్టమని కూడా చెప్తాను" అన్నాడు.

కారులో కూర్చుని మెయిల్ కొడుతుంటే ఎస్తేరు గారు నా ముఖమే చూస్తోంది. "ఏవన్నాడమ్మా?"

"కారుది తప్పు అక్కా. అంటే నాది. నీది కాదు."

"నాది కాదా?"

"కాదు."

"ఇంకోసారి చెప్పమ్మా."

"నీది కాదక్కా."

ఆవిడ యూనిఫామ్‌కు కొంగులాంటిది ఏమీ లేక చేతి వెనకతోనే కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో మెట్లు ఎక్కుతుంటే కూడా కాళ్ళకేసి చూసుకుంటున్నానమ్మా, సరిగ్గా పడుతున్నాయా లేదా అని. రెండాదివారాలు చర్చిలో మోకాళ్ళ మీద కూచుని క్షమించమని అడిగాను" అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, కోపంగా నా భుజం మీద ఒక్కటేసింది. గట్టిగానే తగిలింది. నాకు చాలా హాయిగా అనిపించింది. మూడు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలుండగా ఆవిడ ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ సారీ చెప్పడం స్పీకర్‌లో నేను కూడా విన్నాను.

తిరుగు ట్రైన్‌లో సీటు దొరికింది, నిద్ర మాత్రం పట్టలేదు. ఆ మర్నాడే మోడల్‌లో ఇంకో డ్రైవర్ని గీశాను. ఈమె చెయ్యెత్తుతుంది, తొందరపడుతుంది, పిల్లి కబుర్లు చెప్తూ కారు ఆగకముందే గేరు మారుస్తుంది. మొదటిసారి నడిపించగానే తెరంతా ఎర్రబడింది. సరిచేయడానికి కొన్ని వారాలు పట్టింది, రిలీజ్ ఆలస్యమైంది, మార్టిన్ మీద పైవాళ్ళు అరిచారు. ఇప్పుడు ఆ కారు ఎస్తేరు అక్క ఎలా నడిపినా జారదు, ఆవిడే మళ్ళీ నడిపి చూసింది. అయినా నా భయం పూర్తిగా పోలేదు. నేను రాసినవాటిలో ఇంకా ఎన్నిచోట్ల నన్నే కూర్చోబెట్టుకున్నానో నాకు తెలియదు. నాకు వృద్ధాప్యం తెలియదు, పక్షవాతం వచ్చిన కాలు తెలియదు, వెనక సీట్లో ఏడ్చే పిల్లలు తెలియదు. అలాంటివాళ్ళందరూ ఆ కార్లు కొనబోతున్నారు. అందుకని ఇప్పుడు నెలకోసారి ఏదో ఒక ఊరికి వెళ్ళి, ఎవరో ఒకరి పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చుంటున్నాను.

షెఫీల్డ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. అద్దె కారు తీసుకుని వాక్లీ వైపు కొండ వీధులెక్కితే, ఇరుకులో ఎవరికైనా దారి ఇవ్వాల్సి వస్తుంది. మీ కారు ఎంత కొత్తదైనా సరే, ముందు పూర్తిగా ఆపండి, ఆ తర్వాత గేరు మార్చండి. చెయ్యి కాస్త ఆలస్యంగా ఎత్తినా ఆ ఊరివాళ్ళు ఏమీ అనుకోరు.